యుద్ధంలో తుపాకీ పేల్చని జనరల్, గోల్ఫ్ ఆడుకున్న ప్రెసిడెంట్: ఐసెన్‌హోవర్‌లో అంత గొప్పేముంది?

గోదారిగట్టు
మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మొన్న వెళ్లినప్పుడు డెనిసన్ తీసుకెళ్లి ఐసెన్‌హోవర్ పుట్టిన ఇల్లు చూపించాడు. రైలు పట్టాల దగ్గర తెల్లటి చెక్క ఇల్లు. బాగానే ఉంది. తిరిగొచ్చాక ఆయన గురించి చదవడం మొదలుపెడితే చిరాకేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రమే దాటలేదు. రెండోదాంట్లో మ్యాపుల ముందు కూర్చున్నాడు. కాల్పుల మధ్య ఒక్క కంపెనీని కూడా నడిపించిన మనిషి కాదు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు అమెరికా ప్రెసిడెంటు. ఆ ఎనిమిదేళ్లూ గోల్ఫ్ ఆడాడని వాళ్ల పత్రికలే వెక్కిరించేవట.

ఈయన్ని అటు యుద్ధవీరుడనీ ఇటు రాజనీతిజ్ఞుడనీ ఎందుకు మోస్తారో అర్థం కావడం లేదు. ప్యాటన్ అనండి, మెకార్థర్ అనండి, ఒప్పుకుంటా. తెలిసినవాళ్లు చెప్పండి. గూగుల్ చేసుకోమని మాత్రం అనకండి, చేశాను.

పకోడీశాస్త్రి
గోల్ఫ్ సంగతి నిజమే. 1954లో వైట్‌హౌస్ ఆవరణలోనే పచ్చిక వేయించుకున్నాడు. ఉడతలు దాన్ని తవ్వి పోస్తుంటే పట్టించి వేరేచోట వదిలేయమన్నాడు. ఉడతలను కాపాడండి అని ఒక సెనేటర్ చందాలు కూడా మొదలుపెట్టాడు. హిట్లర్‌ని ఓడించినాయనకి ఉడతలతో తలనొప్పి.

ఓరుగల్లుకోట
తుపాకీ పేల్చినోడే గొప్ప జనరల్ అయితే ప్రతి సిపాయికీ ఐదు నక్షత్రాలు ఇయ్యాలె అన్నా. ఆయన యూరప్‌ల మిత్రదేశాల సైన్యాలన్నిటికీ సుప్రీం కమాండర్, ఆ పని వేరు.

గోదారిగట్టు
ఆ పని ఏమిటో చెప్పండి మరి. నాకు కనిపించేది కోఆర్డినేటర్ ఉద్యోగం.

పాతకాగితాలు
కొంచెం పెద్దగా రాస్తాను.

మొదటి యుద్ధంలో సముద్రం దాటలేదన్నది నిజమే, కానీ ఎగ్గొట్టలేదు. 1918లో గెటిస్‌బర్గ్ దగ్గర క్యాంప్ కోల్ట్‌లో ట్యాంకు దళానికి శిక్షణ ఇచ్చాడు, అదీ మొదట్లో ట్యాంకులే లేకుండా. చివరికి ఫ్రాన్స్ వెళ్లడానికి ఆర్డరొచ్చింది. నవంబర్ 18న ఓడెక్కాలి. 11న యుద్ధం ఆగిపోయింది. ఇక తన బతుకు ఆఫీసు బల్ల దగ్గరే అని చాలా కుమిలిపోయాడు. 1921 జనవరిలో మూడేళ్ల కొడుకు స్కార్లెట్ ఫీవర్‌తో పోయాడు. తన జీవితంలో అంతకు మించిన దెబ్బ లేదని ముసలితనంలో రాసుకున్నాడు.

తర్వాత పనామాలో ఫాక్స్ కానర్ అనే జనరల్ దగ్గర పడ్డాడు. అదే ఆయన అదృష్టం. ఇంకో యుద్ధం తప్పదు, అది మిత్రదేశాలతో కలిసి చెయ్యాల్సి ఉంటుంది, కాబట్టి పరాయి సైన్యాలతో వేగడం ఇప్పటినుంచే నేర్చుకో అని కానర్ నూరిపోశాడు. 1926లో లెవెన్‌వర్త్ స్టాఫ్ కాలేజీలో ఫస్టొచ్చాడు. అయినా 1920 నుంచి 1936 దాకా మేజరే. 16 ఏళ్లు ఒకే ర్యాంకు! అందులో కొన్నేళ్లు మీకు నచ్చిన మెకార్థర్ దగ్గర గుమాస్తాగిరీ. 1941 మొదట్లో లెఫ్టినెంట్ కల్నల్. 1944 డిసెంబర్‌కి ఐదు నక్షత్రాల జనరల్. మధ్యలో జరిగింది సైన్యాధిపతి జార్జ్ మార్షల్ కంట్లో పడటం.

వరండాకుర్చీ
పదహారేళ్లు ఒకే ర్యాంకా! ఈ ఒక్క ముక్కకే ఆయనంటే గౌరవం వచ్చేసింది. నేను ఏళ్లూ పూళ్లూ సీనియర్ అసిస్టెంటుగానే ఉన్నాను. నా చేతికింద పని నేర్చుకున్న కుర్రాడు నాకే మెమో ఇచ్చాడు. ప్రపంచ యుద్ధం ఏదైనా వస్తే నాకూ ప్రమోషన్ వచ్చేదేమో.

పకోడీశాస్త్రి
బాబాయ్, మీ ప్రమోషన్ కోసం యుద్ధం వద్దులే.

గోదారిగట్టు
@పాతకాగితాలు గారూ, ఇదంతా బయోడేటా. నేనడిగింది గొప్పతనం.

మాజీసుబేదార్
మీరు సివిలియన్ అని మాట తీరులోనే తెలుస్తోంది, ఏమనుకోకండి. పటాలంలో నేను చూసిన ఆఫీసర్లలో ముందు నిలబడి పోరాడే ధైర్యం చాలామందికి ఉంది. సంతకం పెట్టే ధైర్యం తక్కువమందికి ఉంది.

1944 జూన్ మొదటి వారం. ఇంగ్లండ్‌లో సౌత్‌విక్ హౌస్‌లో కూర్చున్నారు. ఫ్రాన్స్ తీరంలో నార్మండీ మీద దాడి 5న అనుకున్నది, గాలివాన వల్ల ఆపేశారు. లక్షన్నర మంది, వేల ఓడలు, అందరూ సిద్ధంగా ఉన్నారు. కొందరు అప్పటికే ఓడల్లో వాంతులు చేసుకుంటున్నారు. వాతావరణం చూసే గ్రూప్ కెప్టెన్ స్టాగ్ 6వ తేదీన కాస్త తెరిపి ఇవ్వొచ్చు అన్నాడు. ‘ఇవ్వొచ్చు’, అంతే. ఆగితే పోటు కలిసిరావడానికి మళ్లీ రెండు వారాలు పడుతుంది. అన్నాళ్లు రహస్యం దాగుతుందా? ఒకడు వద్దంటాడు, ఒకడు కానిమ్మంటాడు. చివర చెప్పాల్సింది ఒక్కడే. వెళ్దాం అన్నాడు. ఆగి ఉంటే ఏమయ్యేదో తెలుసా? జూన్ 19న అక్కడ పెద్ద తుపాను వచ్చి, కట్టిన కృత్రిమ రేవుల్లో ఒకటి ముక్కలైపోయింది.

ఇంకో సంగతి. పారాట్రూపర్లను దింపొద్దు, సగానికి పైగా పోతారు అని వాయుసేన అధిపతి లీ-మాలరీ రాతపూర్వకంగా హెచ్చరించాడు. ఐసెన్‌హోవర్ ఆలోచించి, దింపుదాం అన్నాడు. ఆ సాయంత్రం గ్రీన్‌హామ్ కామన్‌లో విమానాలెక్కబోతున్న 101వ ఎయిర్‌బోర్న్ కుర్రాళ్ల మధ్యకి వెళ్లి, ఏ ఊరు నీది, ఏం పంట పండిస్తారు అని అడుగుతూ తిరిగాడు. చచ్చిపోతారని లీ-మాలరీ తనకు చెప్పిన కుర్రాళ్లు వాళ్లే. జేబులో ఒక చీటీ ఉంది. దాడి విఫలమైతే పత్రికలకు ఇవ్వడానికి తనే రాసుకున్నాడు. సైనికులు చెయ్యగలిగిందంతా చేశారు, ఇందులో తప్పేదైనా ఉంటే అది నాది ఒక్కడిదే అని. తేదీ కూడా జూన్ బదులు జులై 5 అని పడింది. ఎంత టెన్షన్‌లో ఉన్నాడో చూడండి.

హైవేబాబాయ్
👆 ఈ చీటీ ఫొటో చూశాను. పెన్సిల్‌తో రాసింది.

నల్లకోటు
సుబేదార్ గారూ, మీ పోస్టు చదివి లైక్ కొట్టాను. అయితే సంతకాల లెక్క పూర్తిగా చూడాలి కదా. 1945 జనవరి 31న ఎడ్డీ స్లోవిక్ అనే సిపాయిని సొంత సైన్యమే కాల్చి చంపింది. యుద్ధం వదిలి పారిపోయినందుకు. వేలమంది పారిపోయారు, కొందరికి మరణశిక్షలు కూడా పడ్డాయి, కానీ అంతర్యుద్ధం తర్వాత ఆ నేరానికి నిజంగా ప్రాణం తీసింది అతనొక్కడిదే. క్షమాభిక్ష అడుగుతూ ఉత్తరం రాశాడు. దాన్ని కాదని శిక్ష ఖరారు చేసిన సంతకం ఈయనదే.

మాజీసుబేదార్
ఆ రోజుల్లో ఆర్డెన్స్ అడవిలో జర్మన్లు విరుచుకుపడ్డారు. లైను తెగితే మొత్తం పోతుంది. నేను సమర్థించడం లేదు, సందర్భం చెప్తున్నా.

నల్లకోటు
సందర్భం లేని ఉరిశిక్ష నేనింతవరకు చూడలేదండీ.

ఓరుగల్లుకోట
గోదారిగట్టు అన్న అడిగిన ‘కోఆర్డినేటర్’ పని గురించి. 1944 సెప్టెంబర్, బ్రస్సెల్స్‌లో విమానంలో మీటింగు. ఐసెన్‌హోవర్‌కి మోకాలు బాగాలేక దిగలేకపోయాడు, బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీయే ఎక్కి వచ్చి చెడామడా తిట్టుడు మొదలుపెట్టాడు. ఈయన అంతా విని, మాంట్‌గోమరీ మోకాలి మీద చెయ్యేసి, నిదానం మాంటీ, నాతో అట్ల మాట్లాడకూడదు, నేను నీ బాస్‌ని అన్నాడు. మాంట్‌గోమరీ సారీ చెప్పిండు. మళ్లీ డిసెంబర్‌లో అదే లొల్లి. ఈసారి ‘ఆయనో నేనో తేల్చండి’ అని పైకి రాసేదాకా వచ్చింది. మాంట్‌గోమరీ చీఫ్ ఆఫ్ స్టాఫ్ పరుగున వచ్చి ఆ ఉత్తరం ఆపించి, వాళ్ల బాస్‌తో క్షమాపణ రాయించుకొచ్చాడు.

ఇంకోపక్క ప్యాటన్. సిసిలీలో ఆస్పత్రిలో ఉన్న సిపాయిల చెంపలు వాయించాడు. ఇంటికి పంపియ్యాలె కదా? పంపలే. క్షమాపణ చెప్పించి, దాచిపెట్టి, 1944లో ఫ్రాన్స్‌లో వదిలాడు. పైన చర్చిల్, పక్కన డిగాల్. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు చేసే పని ఇది.

పకోడీశాస్త్రి
పెద్దకోడలికి ఐదు నక్షత్రాలు ఎవరిస్తున్నారు చెప్పండి.

సముద్రపుగాలి
ఇంతమంది రాశారు, మార్షల్‌ని ‘కంట్లో పడటం’ దగ్గరే వదిలేశారేం? యుద్ధంలో గెలిపించి శాంతిలో నిర్మించినవాడు ఎవరంటే నేను ఆయన పేరే చెప్తాను. అమెరికా సైన్యాన్ని రెండు లక్షల లోపు నుంచి 80 లక్షలకు పెంచింది మార్షల్. నార్మండీ నాయకత్వం తనకు కావాలని నోరు తెరిచి అడిగి ఉంటే రూజ్‌వెల్ట్ ఇచ్చేవాడు. అడగలేదు. ఆయన వాషింగ్టన్‌లో లేకపోతే నాకు నిద్ర పట్టదు అన్నాడట రూజ్‌వెల్ట్. ఆ కుర్చీ ఐసెన్‌హోవర్‌కి అలా దక్కింది. తర్వాత విదేశాంగ మంత్రిగా 1947లో ప్రకటించిన పథకంతో పశ్చిమ యూరప్‌కి 1,300 కోట్ల డాలర్లు వెళ్లాయి. 1953లో నోబెల్ శాంతి బహుమతి. వృత్తి సైనికుడికి ఆ బహుమతి రావడం మామూలు విషయమా?

ఇక ఐసెన్‌హోవర్ ఆయన రుణం ఎలా తీర్చుకున్నాడో చూడండి. కమ్యూనిస్టుల వేట నడిపిన మెకార్థీ అనే సెనేటర్ మార్షల్‌ని దేశద్రోహి అన్నట్టు మాట్లాడాడు. 1952 ఎన్నికల్లో మిల్వాకీ సభకి రాసుకున్న ప్రసంగంలో మార్షల్‌ని సమర్థిస్తూ ఒక పేరా ఉంది. పక్కనున్న పార్టీవాళ్లు వద్దంటే ఆ పేరా తీసేశాడు. మెకార్థీ అదే వేదిక మీద ఉన్నాడు. తనను పైకి తెచ్చిన మనిషి కోసం ఒక్క పేరా చదవలేకపోయాడు. తప్పంతా నాదే అని చీటీ రాసుకున్న జనరల్, ఓట్ల దగ్గరికొచ్చేసరికి ఇలా అయ్యాడు.

పాతకాగితాలు
మిల్వాకీ విషయంలో మీతో వాదించను. ఆయన అభిమానులు కూడా దాన్ని వెనకేసుకురారు. కానీ ఆ తర్వాత మెకార్థీ పేరెత్తకుండానే, తన కిందివాళ్లు సెనేట్ ముందుకెళ్లి సాక్ష్యం చెప్పనక్కర్లేదని ఆపి, లోపల్లోపల దారులు మూసేశాడు. 1954 డిసెంబర్‌లో సెనేటే మెకార్థీని అభిశంసించింది. ఆయన పద్ధతే అంత. అరవడు. చెయ్యి కనిపించనివ్వడు.

సముద్రపుగాలి
ఆలోపు ఎంతమంది ఉద్యోగాలు పోయాయో కూడా కనిపించలేదు.

గోదారిగట్టు
యుద్ధం సంగతి కొంత ఒప్పుకుంటున్నా. ప్రెసిడెంటుగా చేసిందేమిటి? అది చెప్పండి.

లెక్కలమాస్టారు
నాకు నచ్చేది జమాఖర్చు. ఎనిమిది బడ్జెట్లలో మూడు మిగులు. సొంత పార్టీవాళ్లు పన్నులు తగ్గించమంటే లెక్కలు సరిపోవాలి ముందు అన్నాడు. అత్యధిక ఆదాయం మీద పన్ను ఆయన ఉన్నన్నాళ్లూ 91 శాతానికి తగ్గలేదు. సైన్యంలోనే బతుకంతా గడిపిన మనిషి సైన్యానికి అడిగినంత ఇవ్వకపోవడం ఇంకా విచిత్రం. జనరల్స్ వచ్చి భయపెడితే బెదరలేదు. వాళ్లు అంకెలు ఎలా ఉబ్బిస్తారో ఆయనకి లోపలినుంచి తెలుసు.

హైవేబాబాయ్
నేను కేన్సస్‌లో ఉంటాను, సరుకు లారీ నడుపుతాను. ఇంటర్‌స్టేట్ ఎక్కితే నీలంరంగు బోర్డు, దాని మీద ఐదు నక్షత్రాలు, కింద ఆయన పేరు. 1919లో సైన్యం వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి లారీల బారు నడిపింది. ఐసెన్‌హోవర్ అందులో ఉన్నాడు. 62 రోజులు పట్టింది! వంతెనలు విరిగాయి, లారీలు బురదలో దిగబడ్డాయి. తర్వాత జర్మనీలో ఆటోబాన్ రోడ్లు చూశాడు. ఈ రెండూ బుర్రలో పెట్టుకుని 1956లో చట్టం మీద సంతకం చేశాడు. 41,000 మైళ్లు, ఖర్చులో 90 శాతం కేంద్రానిది. ఇప్పుడు నేను ఆ దూరం నాలుగైదు రోజుల్లో పోతున్నాను, నిద్ర నియమాలు పాటించి మరీ.

ఓరుగల్లుకోట
ప్రతి ఐదు మైళ్లకు ఒక మైలు తిన్నగా ఉంటదట కదా, యుద్ధమొస్తే విమానాలు దిగేందుకు?

హైవేబాబాయ్
అది ఉత్త పుకారు తమ్ముడూ. చట్టంలో అలాంటిదేం లేదు. కేన్సస్‌లో తిన్నగా ఉండటానికి కారణం ఇక్కడ వంకర తిరగడానికి కొండా లేదు, కోనా లేదు.

సముద్రపుగాలి
ఆ హైవేలు ఊళ్ల మధ్యలోంచి వేసినప్పుడు ఎక్కువగా కూలింది నల్లవాళ్ల పేటలే. ఆ ముక్క కూడా బోర్డు మీద రాస్తే బాగుండేది.

ఎర్రమట్టి
అందరూ రోడ్లు, ఉడతలు అంటున్నారు. 1953 ఆగస్టులో ఇరాన్‌లో మొసాదెక్ ప్రభుత్వాన్ని సీఐఏ, బ్రిటిష్ గూఢచారులు కలిసి కూలదోశారు. ఎన్నికైన ప్రధాని. చేసిన నేరం చమురుని జాతీయం చెయ్యడం. మరుసటేడు గ్వాటెమాలాలో అర్బెంజ్ ప్రభుత్వం. అక్కడ చేసిన నేరం అమెరికా అరటిపళ్ల కంపెనీ భూములు తీసుకోవడం. రెండూ ఈ ‘శాంతి’ ప్రెసిడెంటు అనుమతితో జరిగినవే. గ్వాటెమాలాలో ఆ తర్వాత దశాబ్దాల తరబడి అంతర్యుద్ధం. ఇరాన్ సంగతి మీకు తెలుసు. యుద్ధానికి సైన్యాన్ని పంపకుండా గూఢచారులను పంపితే శాంతిదూత అయిపోతారా? ఖర్చు తక్కువ, శవాలు మనవి కావు, అంతే తేడా.

పాతకాగితాలు
మీరు చెప్పినవి రెండూ నిజం. అవి ఆయన ఖాతాలో ఉండాల్సిందే. అదే ఖాతాలో ఇవి కూడా ఉన్నాయి, చూడండి.

కొరియా. ఎన్నికలకు ముందు నేను కొరియా వెళ్తాను అన్నాడు. గెలిచాక 1952 డిసెంబర్‌లో వెళ్లి, ఆ కొండలు చూసి, ముందుకు దూకడం దండగ అని తేల్చుకున్నాడు. 1953 జులై 27న కాల్పుల విరమణ. ఆ తర్వాత యుద్ధఖైదీల గొడవ తీర్చే కమిషన్‌కి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు, కావలికి వెళ్లింది మన సైన్యం.

1954లో వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచివాళ్లు చిక్కుకుపోయి, బాంబులు వెయ్యండి మహాప్రభో అంటే, ఆయన చుట్టూ ఉన్న పెద్ద తలకాయలు కొందరు వేద్దాం అన్నారు. వెయ్యలేదు. వియత్నాంకి పూర్తి సైన్యం వెళ్లింది ఆయన దిగిపోయిన తర్వాతే.

1956లో సూయెజ్. ఈజిప్టు నాయకుడు నాసర్ కాలువని జాతీయం చేస్తే బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ కలిసి దాడి చేశాయి. బ్రిటన్ అంటే నార్మండీలో పక్కన నిలబడ్డ దేశం. ప్రధాని ఈడెన్ యుద్ధకాలం నుంచి తెలిసినవాడు. పైగా అమెరికాలో ఎన్నికలు వారంలో ఉన్నాయి. అయినా ఆపమన్నాడు. పౌండు పడిపోతుంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పు రానివ్వలేదు. ఆపారు. మన నెహ్రూ అప్పుడు మెచ్చుకున్నాడు. ఆ డిసెంబర్‌లో వెళ్లి గెటిస్‌బర్గ్‌లో ఆయన పొలంలో గంటల తరబడి మాట్లాడాడు.

ఎర్రమట్టి
అదే వారంలో హంగరీలో రష్యన్ ట్యాంకులు జనాన్ని తొక్కేశాయి. తిరగబడమని రేడియోలో ఎగదోసింది ఎవరు? చివరికి చూస్తూ కూర్చుంది ఎవరు?

మాజీసుబేదార్
అక్కడ వేలుపెడితే మూడో ప్రపంచ యుద్ధమే. చూస్తూ కూర్చోవడం కూడా సంతకమే.

నల్లకోటు
సుబేదార్ గారు దేన్నైనా సంతకం చేసేస్తున్నారు.

వరండాకుర్చీ
మన దేశం మాట వస్తే నాకు కోపం తగ్గలేదు. 1954లో పాకిస్తాన్‌కి ఆయుధాలు ఇవ్వడం మొదలుపెట్టింది ఈయనే. మీ మీద వాడనివ్వం అని నెహ్రూకి ఉత్తరం రాశాడు. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర మన మీదికి వచ్చినవి అమెరికా ఇచ్చిన ప్యాటన్ ట్యాంకులు కావా?

ఓరుగల్లుకోట
అంతేకాదు, పెషావర్ నుంచి యూ-2 గూఢచారి విమానాలు ఎగిరినయి. 1960 మే 1న రష్యా ఒకదాన్ని కూల్చింది. ముందు అది వాతావరణ పరిశోధన విమానం అని బొంకిండ్రు. పైలట్ బతికే ఉన్నాడని క్రుశ్చేవ్ బయటపెట్టాక పరువు పోయింది. అప్పుడు మాత్రం కిందివాళ్ల మీద నెట్టకుండా, నేనే అనుమతిచ్చిన అని ఒప్పుకున్నాడు. ప్యారిస్ శిఖరాగ్ర సభ పాడైంది.

పకోడీశాస్త్రి
పాకిస్తాన్ ఆయనకి తగిన శిక్షే వేసింది లెండి. 1959 డిసెంబర్ 8న కరాచీలో పాకిస్తాన్, ఆస్ట్రేలియా టెస్టుకి తీసుకెళ్లి కూర్చోబెట్టారు, పక్కన అయూబ్ ఖాన్. ఆ రోజంతా కలిపి పాకిస్తాన్ కొట్టింది 104 పరుగులు, ఐదు వికెట్లకి. టెస్టు చరిత్రలో అంత నీరసమైన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమెరికావాళ్లకి క్రికెట్ ఎందుకు ఎక్కలేదో ఇప్పుడు తెలిసిందా?

హైవేబాబాయ్
😂😂 నార్మండీ కంటే కష్టం.

పాతకాగితాలు
మర్నాడే ఢిల్లీ వచ్చాడు. మన దేశానికి వచ్చిన మొదటి అమెరికా ప్రెసిడెంటు ఆయనే. విమానాశ్రయం దారిలో జనం కారుని కదలనివ్వకపోతే నెహ్రూ స్వయంగా దిగి జనాన్ని పక్కకు తోయాల్సి వచ్చింది. రామ్‌లీలా మైదానంలో సభ, వ్యవసాయ ప్రదర్శన, తాజ్‌మహల్, ఆగ్రా దగ్గర ఒక పల్లె. 1960 మే నెలలో పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద పెద్ద ఒప్పందం జరిగింది, నాలుగేళ్లలో కోటీ 70 లక్షల టన్నుల ధాన్యం, ఎక్కువ భాగం గోధుమలు. డబ్బు రూపాయల్లో కడితే చాలు.

వరండాకుర్చీ
ఆ గోధుమలు తిన్నవాణ్ని నేను. అన్నం తినే కొంపల్లో రేషను గోధుమలు ఇస్తే ఏం చేసుకోవాలో తెలియక మా అమ్మ మరలో రవ్వ ఆడించేది. బళ్లో ఇంకోటి, కేర్ అనే సాయం సంస్థ వాళ్ల పచ్చటి ఉప్మా, పాలపొడి కలిపిన పాలు. ఉప్మా కోసమే బడికొచ్చిన పిల్లలున్నారు. ఆయుధాలు పాకిస్తాన్‌కిచ్చి ఉప్మా మాకు పెట్టారని మా మాస్టారు అనేవారు, ఆయనా రెండుసార్లు వడ్డించుకునేవారు.

ఎర్రమట్టి
ఉప్మాతోపాటు వయ్యారిభామ కలుపు కూడా వచ్చింది. ఇవాళ్టికీ పొలం గట్ల మీద పీకలేక చస్తున్నాం. చేతులంతా దద్దుర్లు.

లెక్కలమాస్టారు
ఆ కథ ఊరూరా చెప్తారు, తేదీలు చూడండి. వయ్యారిభామని పుణేలో గమనించింది 1955 ప్రాంతంలో. మనకు పీఎల్-480 మొదటి ఒప్పందం జరిగింది 1956 ఆగస్టులో. గోధుమల బస్తాల్లో తర్వాత మరింత గింజ వచ్చి ఉండొచ్చు, అది వేరే మాట.

ఎర్రమట్టి
మాస్టారూ, మీరు గట్టు మీద కూర్చుని పీకి చూడండి, తేదీలు గుర్తుకురావు.

సముద్రపుగాలి
ఇంటి విషయానికొస్తాను. 1954లో నల్లపిల్లల్ని తెల్లపిల్లల బడుల్లో చేర్చుకోవాలని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రధాన న్యాయమూర్తి వారెన్‌ని వేసింది ఐసెన్‌హోవరే. అయినా ఆ తీర్పు సరైనదని పదవిలో ఉన్నన్నాళ్లూ ఆయన నోటివెంట బహిరంగంగా రాలేదు. దక్షిణాది తెల్లవాళ్లు నొచ్చుకుంటారని.

1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లపిల్లల్ని గవర్నరు తుపాకులతో అడ్డుకున్నాడు. ఇంక తప్పక సైన్యాన్ని పంపాడు, దాదాపు వెయ్యి మంది పారాట్రూపర్లు. ఏ డివిజనో తెలుసా? 101వ ఎయిర్‌బోర్న్. పైన సుబేదార్ గారు రాసిన గ్రీన్‌హామ్ కామన్ డివిజన్. తుపాకులు పట్టుకుని ఆ పిల్లల్ని తరగతి గదిదాకా నడిపించారు. ఇది మాత్రం ఆయన చేసిన మంచిపని అని ఒప్పుకుంటాను, ఆలస్యంగా చేసినా.

మాజీసుబేదార్
ఆ డివిజనే పంపాడని నాకు తెలియదు అమ్మా. వెళ్తే తేలిపోయే బలంతో వెళ్లాలి, లేకపోతే వెళ్లకూడదు. ఆయన సైనికబుద్ధి అదే. కొద్దిమందిని పంపి ఉంటే రక్తం కారేది.

నల్లకోటు
ఇంకో కోణం. పక్క దేశంలో 1958లో సైన్యాధిపతి అయూబ్ ఖాన్ ప్రభుత్వాన్ని లాగేసుకున్నాడు. మన మాజీ సైన్యాధిపతి కరియప్ప 1971లో లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు, ఓడిపోయి ఇంటికెళ్లారు. ఐసెన్‌హోవర్ 1952లో ఎన్నికల కోసం యూనిఫాం, జనరల్ హోదా రెండూ వదులుకున్నాడు, దిగిపోయాక 1961లో చట్టం చేసి హోదా తిరిగిచ్చారు. ప్రెసిడెంట్ అనడంకన్నా జనరల్ అనడమే ఆయనకిష్టం. సైనికుడు గద్దెనెక్కడంలో ప్రమాదం లేదు, ఎలా ఎక్కాడు, ఎప్పుడు దిగాడు అన్నదే చూడాలి.

గోదారిగట్టు
ఈ పాయింటు నాకు నచ్చింది. దిగిపోయేటప్పుడు ఇచ్చిన ప్రసంగం గురించి కూడా ఎవరైనా రాయండి, చాలాచోట్ల చూస్తున్నాను.

లెక్కలమాస్టారు
1961 జనవరి 17. టీవీలో చెప్పాడు. సైన్యం, ఆయుధాల పరిశ్రమ కలిసి పెద్ద శక్తిగా తయారయ్యాయి, దాని పెత్తనం రానివ్వొద్దు, జనం కళ్లు తెరుచుకుని ఉండాలి అని. కానీ నాకు అంతకన్నా 1953 ఏప్రిల్ ప్రసంగం ఇష్టం. పదవిలోకి వచ్చిన మూడు నెలలకే చెప్పాడు. తయారయ్యే ప్రతి తుపాకీ ఆకలితో ఉన్నవాడి దగ్గర దొంగతనమే అన్నాడు. ఊరికే అనలేదు, లెక్క వేశాడు: ఒక భారీ బాంబర్ విమానం ఖరీదుకి 30కి పైగా పట్టణాల్లో ఇటుకలతో ఒక్కో మంచి బడి కట్టొచ్చు. తల్లి ఐడా యుద్ధం పాపమని నమ్మే మతశాఖ మనిషి. కొడుకు వెస్ట్ పాయింట్ సైనిక కాలేజీకి వెళ్తుంటే ఏడ్చింది. ఆ పాలు ఎక్కడికి పోతాయి?

ఎర్రమట్టి
లెక్కలు నేనూ చెప్తాను మాస్టారూ. ఆయన వచ్చినప్పుడు అమెరికా దగ్గర అణ్వాయుధాలు వెయ్యి చిల్లర. దిగేనాటికి 18 వేలు దాటాయి. సైన్యం ఖర్చు తగ్గించాడని మురిసిపోతున్నారు, తగ్గించిన సిపాయిల బదులు పెట్టింది ఇవి. ఎవడైనా వేలు పెడితే ప్రపంచాన్నే తగలబెడతాం అనే బెదిరింపు మీద మిగిల్చిన డబ్బు అది. బొమ్మ మొత్తం తయారుచేసి, తలుపు వేసి వెళ్తూ జాగ్రత్తర్రా అని చెప్పిపోయాడు.

పాతకాగితాలు
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన వాదనల్లో ఇదే బలమైనది. ‘శాంతి కోసం అణువు’ అని 1953 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో మాట్లాడింది కూడా ఆయనే. దాని ఫలితంగానే మన ట్రాంబేలో కెనడా ఇచ్చిన సైరస్ రియాక్టర్‌కి అమెరికా భారజలం ఇచ్చింది. 1974లో పోఖ్రాన్‌లో పేల్చినదానికి ప్లుటోనియం ఆ రియాక్టర్‌దే.

కానీ ఒక్కటి. కొరియాలో, దియెన్ బియెన్ ఫూలో, చైనా తీరంలో దీవుల గొడవప్పుడు, అణుబాంబు వాడదాం అన్నవాళ్లు ఆయన గదిలోనే ఉన్నారు. 1945 ఏప్రిల్‌లో ఓర్డ్రఫ్ నాజీ శిబిరంలో శవాల గుట్టలు స్వయంగా చూసి, రేపు ఎవడైనా ఇది అబద్ధమంటాడు, పత్రికలవాళ్లనీ కాంగ్రెస్ సభ్యులనీ తీసుకురండి అన్న మనిషి ఈయన. చావు కాగితం మీద అంకెగా కనిపించే మనిషి కాదు. వెయ్యకుండా ఉండటానికి ఆయనకి ఎవరి ధైర్యం అక్కర్లేకపోయింది. ఎందుకంటే నార్మండీ జనరల్‌ని పిరికివాడు అని ఎవరూ అనలేరు. ఇంకెవరైనా ఆ కుర్చీలో ఉంటే తమ మగతనం నిరూపించుకోవడానికైనా ఏదో ఒకటి చేసేవాళ్లు.

ఎర్రమట్టి
మొసాదెక్‌కి చెప్పండి ఆ మాట.

గోదారిగట్టు
ఇంత వస్తుందనుకోలేదు. ప్యాటన్ మీద నా ఇష్టం అలాగే ఉంది, చెప్పేస్తున్నా. కానీ ప్యాటన్ ప్రెసిడెంటై ఉంటే సూయెజ్ వారంలో ఏం చేసేవాడో ఊహించుకుంటే మాత్రం నీళ్లు తాగాల్సి వచ్చింది. డిసెంబర్‌లో మళ్లీ వెళ్తాను. కేన్సస్‌లో అబిలీన్ చూడదగ్గదేనా? అబ్బాయి అక్కడేముంది నాన్నా అంటున్నాడు.

హైవేబాబాయ్
డాలస్ నుంచి ఐ-35 పట్టుకుని నేరుగా ఉత్తరానికి రావాలి, ఏడెనిమిది గంటలు. పెరిగిన ఇల్లు, మ్యూజియం, లైబ్రరీ, సమాధి అన్నీ ఒక్కచోటే. ఆయన్ని సైనికులకిచ్చే మామూలు 80 డాలర్ల పెట్టెలోనే పాతిపెట్టారు, యూనిఫాంతో. డిసెంబర్ వద్దండీ, చలికి చెవులు ఊడిపోతాయి. ఏప్రిల్ తర్వాత రండి, దారిలో మా ఇంట్లో భోజనం.

పకోడీశాస్త్రి
బాబాయ్, ఉప్మా పెట్టకండి, మొహం మొత్తి ఉంటుంది.

గట్టుమీదపెద్దమనిషి (నిర్వాహకుడు)
వయ్యారిభామ నిర్మూలన గురించి నాకు వ్యక్తిగత సందేశాలు వస్తున్నాయి. వ్యవసాయం విభాగంలో వేరే థ్రెడ్ తెరిచాను, అక్కడ రాయండి. ఇక్కడ ఐసెన్‌హోవర్ మాత్రమే.

సముద్రపుగాలి
మార్షల్‌కి కూడా వేరే థ్రెడ్ తెరవండి సార్. ఇక్కడ ఆయన్ని మళ్లీ పేరా తీసేసినట్టు తీసేశారు.

ఎర్రమట్టి
తెరిస్తే చైనాలో మార్షల్ 1946లో చేసిన రాయబారం ఎందుకు చెడిందో నేను రాస్తా. ముందే చెప్తున్నా, అక్కడ కూడా మీకు నచ్చదు.